పిల్లికి షుగర్ ఇంట్లో చూడటం ఎలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది ఆమదాలవలస. మా మగపిల్లికి పదేళ్లు, బాగా లావుగా ఉండేవాడు. కొన్నాళ్లుగా తెగ నీళ్లు తాగుతున్నాడు, ఎక్కడ పడితే అక్కడ ఉచ్చ పోస్తున్నాడు, తింటూనే చిక్కిపోతున్నాడు. విశాఖ తీసుకెళ్తే షుగర్ అని తేల్చి రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ రాశారు. ఇంజెక్షన్ వెయ్యడం ఎలాగో వచ్చేసింది గానీ, చెవి నుంచి చుక్క రక్తం తీసి ఇంట్లోనే షుగర్ చూడమన్నారు, అది నావల్ల కావడం లేదు. చెవి మీద చెయ్యి పడితే చాలు పారిపోతున్నాడు. మా అత్తగారేమో "పిల్లికి సుగరేటి, దానికి రోజూ సూదులేటి, నోరులేని జీవాన్ని ఏడిపించకు" అంటున్నారు. నెలకోసారి విశాఖ తీసుకెళ్లి చూపిస్తే సరిపోదా?

జవాబు: సరిపోదమ్మా, అది సూటిగానే చెప్పాలి. పిల్లిని బుట్టలో పెట్టి అంతదూరం బస్సులో కుదిపి, కుక్కలు మొరుగుతున్న చోట గంటసేపు కూర్చోబెట్టి, కొత్త మనిషి చేతికిచ్చి రక్తం తీస్తే వచ్చే అంకెలో వాడి షుగరెంతో వాడి భయం ఎంతో ఎవరూ విడదీయలేరు. పిల్లి బెదిరితే ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఎగసి లివర్‌లో దాచిన గ్లూకోజును రక్తంలోకి వదిలేస్తాయి, అందుకే షుగర్ జబ్బు లేని పిల్లికి కూడా ఆస్పత్రిలో 300 దాటడం కొత్తేమీ కాదు. ఆ అంకె చూసి డోసు పెంచారనుకోండి, ఇంటికొచ్చి మంచం కింద హాయిగా పడుకున్నాక అదే డోసు వాడికి ఎక్కువైపోతుంది. షుగర్ ఎక్కువగా ఉంటే జరిగే చెరుపు చాలావరకు నెమ్మదిగా జరుగుతుంది, కానీ మరీ పడిపోతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో, వాడి చోట వాడుండగా చూసిన అంకె లేకుండా ఇన్సులిన్ వేస్తూ పోవడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

మీ అత్తగారికి ఒక మాట చెప్పండి. చెవి అంచున నొప్పి తెలిసేది తక్కువ, చాలా పిల్లులు ఆ పోటుకు కదలను కూడా కదలవు. వాటికి నచ్చనిది గట్టిగా పట్టుకోవడం. అందుకే మొదటి వారం లాన్సెట్, అంటే గుచ్చే చిన్న సూది, అసలు బయటికి తియ్యకండి. రోజూ ఒకే వేళకి, ఒకే చోట, ఒకే చాప మీద కూర్చోబెట్టి చెవి అంచును వేళ్లతో మెల్లగా రుద్ది, వెంటనే ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ చిన్న ముక్క పెట్టి వదిలెయ్యండి. అంతే, ఆ పూటకి పని అయిపోయింది. చెవి పడితే చికెన్ వస్తుందని వాడికి తెలిశాక మీటరు తెచ్చి పక్కన పెట్టి దాని బీప్ చప్పుడు వినిపించండి. లాన్సెట్ గుచ్చే పెన్ను లాంటి పరికరం టక్కుమంటుంది, ఆ చప్పుడుకే కొన్ని పిల్లులు ఎగిరి పడతాయి, కాబట్టి ఉత్త లాన్సెట్‌ను చేత్తో పట్టుకుని గుచ్చడమే మేలు. మొదట్లో మరీ సన్నని లాన్సెట్ కొనకండి, చుక్క రాక మళ్లీ మళ్లీ గుచ్చాల్సి వస్తుంది. 26 లేదా 28 గేజ్ అడగండి (ఈ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం), అలవాటయ్యాక 30కి మారొచ్చు.

ఇక అసలు పని. చెవి చల్లగా ఉంటే రక్తం రాదు, మొదట్లో చుక్క రాకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. పాత సాక్సులో గుప్పెడు బియ్యం పోసి ముడివేసి, పెనం మీద కాస్త వెచ్చచేసి, ముందు మీ మణికట్టు మీద పెట్టి చూసుకుని, అప్పుడు చెవికి ఆనించి అర నిమిషం, నిమిషం పట్టుకోండి. మీటరులో స్ట్రిప్పు ముందే పెట్టి సిద్ధంగా ఉంచుకోండి. వాణ్ని వాడి వీపు మీ వైపు ఉండేలా రెండు మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకోండి, మరీ పెనుగులాడితే తువ్వాలు చుట్టండి. చెవి వెనక నుంచి ఫోను టార్చి వేస్తే అంచు వెంబడి సన్నగా నరం కనిపిస్తుంది. నరంలో గుచ్చకూడదు, ఆ నరానికీ చెవి అంచుకీ మధ్య ఉన్న సన్నటి జాగాలో గుచ్చాలి. గుచ్చేముందు అక్కడ వాజిలిన్ పలచగా రాయండి, రక్తం బొచ్చులోకి పాకిపోకుండా గుండ్రంగా చుక్క కడుతుంది. చెవి వెనక మడిచిన దూది ఆసరా పెట్టుకోండి, లేకపోతే లాన్సెట్ అవతలికి దూసుకొచ్చి మీ వేలికే గుచ్చుకుంటుంది. స్పిరిట్ రాయొద్దు, మండుతుంది, పైగా తడి ఆరకపోతే అంకె కూడా తప్పుతుంది. చుక్క ఆవగింజంత ఉన్నా చాలు, స్ట్రిప్పు అంచు తాకిస్తే అదే పీల్చుకుంటుంది. వాడు తల విదిలించేలా ఉంటే ఆ చుక్కను మీ శుభ్రమైన గోటి మీదికి తీసుకుని అక్కడి నుంచి స్ట్రిప్పుకి అందించొచ్చు. తర్వాత దూదితో అర నిమిషం నొక్కి పట్టండి, వదిలేస్తే చెవి కమిలిపోతుంది. రెండుసార్లు గుచ్చినా రాకపోతే ఆ పూటకి వదిలెయ్యండి, చికెన్ ముక్క మాత్రం ఎగ్గొట్టకండి.

ఎప్పుడు చూడాలంటే, రెండు పూటలా తిండి పెట్టకముందు, ఇన్సులిన్ వెయ్యకముందు. పుస్తకంలో టైము, అంకె, ఎంత తిన్నాడు, ఎన్ని యూనిట్లు వేశారు, నీళ్లు ఎక్కువ తాగాడా అన్నీ రాయండి. డాక్టరు ఎప్పుడైనా అడిగితే ఒక రోజంతా రెండు గంటలకోసారి చొప్పున పన్నెండు గంటలు చూడాలి, దాన్నే కర్వ్ అంటారు. ఇన్సులిన్ వేశాక షుగర్ ఎంత కిందికి దిగింది, ఏ గంటకి దిగింది అన్నది దాంట్లోనే తెలుస్తుంది. డోసు పెంచాలా తగ్గించాలా అన్నది ముఖ్యంగా ఆ అన్నిటికంటే తక్కువ అంకెను బట్టే నిర్ణయిస్తారు గానీ పొద్దున్నే కనిపించిన పెద్ద అంకెను బట్టి కాదు. ఒక రోజు 350 వచ్చిందని మీరే ఇంకో యూనిట్ కలిపేయకండి, డోసు మారిస్తే దాని ప్రభావం కుదురుకోవడానికి అయిదారు రోజులు పడుతుంది.

మామూలు పిల్లికి షుగర్ సుమారు 70 నుంచి 150 లోపు ఉంటుంది. ఇన్సులిన్ మీద ఉన్నవాడికి రోజంతా అలా ఉండాలని పట్టుబట్టం, కిందికి దిగినప్పుడు 80–150 మధ్య ఆగితే సంతోషిస్తాం. సుమారు 250–300 దాటితే గ్లూకోజు ఉచ్చలోకి పోతుంది, అప్పుడే ఆ దాహం, ఆ చిక్కిపోవడం మొదలవుతాయి. ఇన్సులిన్ వేసేముందు ఎంత కంటే తక్కువ ఉంటే వెయ్యకుండా ఫోన్ చెయ్యాలో ఆ ఒక్క అంకెను మీ డాక్టరు చేత రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి, ఇది మర్చిపోకండి. తిననిపూట కూడా మామూలు డోసు వెయ్యకండి, ముందు ఫోన్ చెయ్యండి.

60 కంటే దిగినా, అంకె ఎంతున్నా సరే వాడు తూలుతున్నా, వణుకుతున్నా, పిలిస్తే పలకకుండా చూపు నిలిపేసినా ఆలస్యం చెయ్యొద్దు. తినగలిగితే వెంటనే తిండి పెట్టండి. తినలేకపోతే తేనె గానీ గ్లూకోజు నీళ్లు గానీ వేలితో చిగుళ్లకి రాయండి, నోట్లో మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తున్నప్పుడు వేలు కొరికేస్తాడు, జాగ్రత్త. తేరుకున్నాక కూడా ఒంట్లో ఇన్సులిన్ పని చేస్తూనే ఉంటుంది కాబట్టి పావుగంటకోసారి చూస్తూ డాక్టరు దగ్గరికి బయల్దేరండి. అన్నిటికీ విశాఖే వెళ్లక్కర్లేదు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, మీకు రైలు దారిలోనే. ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడే ఒకసారి ఫోన్ చేసి, పిల్లుల్ని ఏ వేళల్లో చూస్తారో కనుక్కుని పెట్టుకోండి.

ప్రశ్న: మాది రాజాం. నాన్నగారు షుగర్ చూసుకునే మీటరుతోనే మా ఆడపిల్లికి చూస్తున్నాం. అదే రోజు ల్యాబులో చేయిస్తే ఇంట్లో కంటే ఎక్కువ వచ్చింది. మీటరు పాడైందా? పిల్లులది వేరే కొనాలా?

జవాబు: పాడవలేదు. మనిషి రక్తంలో గ్లూకోజు కొంత ఎర్రకణాల్లో, కొంత వాటి చుట్టూ ఉండే ప్లాస్మాలో పంచుకుని ఉంటుంది, కణాల్లో ఉన్నదే నూటికి 42 పాళ్ల దాకా ఉంటుంది. పిల్లిలో కణాల్లో ఉండేది 7 పాళ్లే, మిగతాదంతా ప్లాస్మాలోనే. మనిషి లెక్కకి తయారైన మీటరు పిల్లి రక్తాన్ని చూసినప్పుడు సాధారణంగా అసలు కంటే తక్కువ చూపిస్తుంది. పిల్లులకీ కుక్కలకీ ప్రత్యేకంగా చేసిన మీటర్లు ఉన్నాయి, ల్యాబు అంకెకు అవి దగ్గరగా ఉంటాయి, కానీ మన ఊళ్లలో మెడికల్ షాపుకెళ్లి అడిగితే దొరకడం కష్టం, స్ట్రిప్పులూ ఖరీదే. ఖరీదైన మీటరు కొని స్ట్రిప్పులు పొదుపు చేస్తూ వారానికోసారి చూడటం కంటే మనుషుల మీటరుతో రోజూ చూడటమే నయమని నా అభిప్రాయం. ఒకటే షరతు, ఎప్పుడూ అదే మీటరు వాడాలి, డాక్టరుకి అంకె చెప్పేటప్పుడు "ఇది మనుషుల మీటరు" అని తప్పకుండా చెప్పాలి.

అయితే నాన్నగారి మీటరు మాత్రం వద్దు. అందులో పాత అంకెలన్నీ దాచి ఉంటాయి, రేపు ఆయన డాక్టరు బటన్ నొక్కి చూస్తే ఏది ఆయనదో ఏది పిల్లిదో తెలియక ఆయన మందు మార్చేసే ప్రమాదం ఉంది. ఇంకో మామూలు మీటరు కొనండి. లాన్సెట్లు కూడా వేర్వేరు డబ్బాల్లో పెట్టండి, ఒకసారి వాడింది మళ్లీ వాడకండి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచకండి, మన వైపు గాలిలో తేమకి స్ట్రిప్పులు త్వరగా పాడైపోతాయి. వేసవిలో కిటికీ దగ్గరా, బండి డిక్కీలోనూ పెట్టొద్దు.

ప్రశ్న: నరసన్నపేట నుంచి రాస్తున్నాను. మా పిల్లికి గ్లార్జీన్ ఇన్సులిన్ 1 యూనిట్. ఈసారి షాపులో ఎర్ర మూత సిరంజీలు ఇచ్చారు, ఇదివరకు నారింజ రంగువి ఉండేవి. ఏవైనా ఒకటే కదా అన్నారు.

జవాబు: ఒకటి కాదండీ! ఈ పూట ఇన్సులిన్ వెయ్యకముందే ఇది చదివితే బాగుండు. మన దేశంలో మనుషుల ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతుంది, మిల్లీలీటరుకి 40 యూనిట్లున్నది ఒకటి, 100 యూనిట్లున్నది ఇంకొకటి. మామూలుగా ఎర్ర మూత సిరంజి మీద గీతలు 40 బలానికి, నారింజ మూతవి 100 బలానికి. మీ గ్లార్జీన్ 100 బలంది. దాన్ని ఎర్ర మూత సిరంజిలో 1 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది రెండున్నర యూనిట్లు. నాలుగు కిలోల పిల్లికి అది చిన్న తేడా కాదు. ఇప్పటికే అలా వేసి ఉంటే వెంటనే షుగర్ చూసి, తిండి పెట్టి, డాక్టరుకి ఫోన్ చెయ్యండి. మూత రంగు ఒక్కటే నమ్మకండి, సిరంజి మీద యూ-100 అని ఉందో లేదో, సీసా మీద ఎంతుందో రెండూ చదివాకే లాగండి. సీసాను గిలక్కొట్టొద్దు, ఫ్రిజ్ తలుపులో పెట్టండి గానీ పైన ఐసు అరలో పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా ఇక పనికిరాదు.

ప్రశ్న: కళింగపట్నం. మా పిల్లికి ఈమధ్యే షుగర్ అన్నారు. ఇన్నాళ్లూ పాలన్నం, ఎండుచేప పెట్టేవాళ్లం. ఇప్పుడేం పెట్టాలి?

జవాబు: పిల్లి మాంసం మీద బతికే జంతువు, అన్నం దానికి అవసరం లేదు, షుగర్ ఉన్నప్పుడు అసలే వద్దు. పాలన్నం మానిపించి ఉడికించిన చేప, చికెన్, గుడ్డు పెట్టండి, ముళ్లు తీసెయ్యండి. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ, అది వద్దు. ఉత్త మాంసంతోనే ఎక్కువ కాలం నెట్టుకురాకూడదు, టారిన్ (పిల్లికి తప్పనిసరైన ఒక పోషకం), కాల్షియం లాంటివి చాలవు, కాబట్టి పిండిపదార్థం తక్కువగా ఉండే పిల్లుల తడి ఆహారం ఏది కలపాలో డాక్టర్ని అడగండి. కానీ ఇన్సులిన్ మొదలుపెట్టేసి ఉంటే మాత్రం రాత్రికి రాత్రి అన్నం మానిపించొద్దు. అన్నం తగ్గగానే షుగర్ కూడా దిగుతుంది, పాత డోసే వేస్తూ ఉంటే అది ఎక్కువైపోతుంది. వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మారుస్తూ, ఆ రోజుల్లో రెండు పూటలా తప్పకుండా షుగర్ చూస్తూ, అంకె తగ్గుతున్న కొద్దీ డాక్టరుకి చెబుతూ డోసు తగ్గించుకోవాలి. జబ్బు తొందరగా కనిపెట్టి, తిండి మార్చి, ఇన్సులిన్ సరిగ్గా వేస్తే కొన్ని పిల్లులకి కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అలా తగ్గుముఖం పట్టిన సంగతి కూడా ముందుగా కనిపించేది ఇంట్లో చూసే అంకెల్లోనే. ఒకవేళ తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, నీరసంగా ఓ మూల పడి ఉంటే మాత్రం తిండి మార్పుల సంగతి పక్కన పెట్టి ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఉచ్చలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటే పుట్టే పదార్థాలు, ఎక్కువైతే ప్రాణాపాయం) చూసే స్ట్రిప్పులు మెడికల్ షాపులో దొరుకుతాయి, దాంట్లో రంగు మారితే తెల్లారేదాకా కూడా ఆగొద్దు.