చెరకు సిరప్ గడ్డకట్టిందా? పారేయకండి

ఇంట్లో చెరకు రసం కాచి చేసిన సిరప్ రెండో రోజుకే సీసాలో పలుకులు కట్టిందని, పాడైందేమోనని ఒకరు అడిగారు. పాడవలేదండీ, పాకం ముదిరిందంతే. నీరు మరీ ఎక్కువగా ఇగిరిపోతే చక్కెర విడిపోయి గడ్డకడుతుంది.

సిరప్‌ని గిన్నెలోకి తీసి కాసిని వేడినీళ్లు కలిపి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్లలో పెట్టి పలుకులన్నీ కరిగేదాకా ఉంచండి. అంచుకు అంటిన పలుకుల్ని తడిబట్టతో తుడిచేయాలి, ఒక్కటి మిగిలినా మళ్లీ మొదలే! ఈసారి కాచేటప్పుడు కాస్త నిమ్మరసం పిండండి. ఆ పులుపుకి చక్కెర కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది, అందుకే తొందరగా పలుకు కట్టదు. థర్మామీటర్ ఉంటే 106 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించేయండి. వేడిమీద పల్చగానే కనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు, చల్లారాక చిక్కబడుతుంది.

ఈ సిరప్‌ని కేకులో వాడితే, అందులో పులుపు ఉంటుంది కాబట్టి చిటికెడు వంటసోడా మరవకండి.