స్వయంభక్షణా, స్వభక్షణా?

సందేహం: నేను హనుమకొండలో జీవశాస్త్రం బోధిస్తాను. పరకాల దగ్గరి ఊరిలో కంటి శిబిరం కోసం ఒక కరపత్రం రాస్తూ, "నేత్రపటలంలోని వర్ణకణాలు దండకణాల కొనలను స్వయంభక్షణ చేస్తాయి. స్వయంభక్షణ వ్యాధి వల్ల ముసలితనంలో చూపు తగ్గుతుంది" అని రాశాను. ఆటోఫజీని "ఆత్మభక్షణ" అనాలని తోటి ఉపాధ్యాయుడు అంటున్నారు. ఏది సరైన మాట? నా వాక్యాలు సరిగా ఉన్నాయా?

సమాధానం: అమ్మా, ఆటోఫజీ అన్న పేరును 1963లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియాన్ డి డూవ్ పెట్టారు. గ్రీకులో ఆటో అంటే తాను, ఫగైన్ అంటే తినడం. కణం తనలో చెడిపోయిన ప్రోటీన్లను, పనిచేయని మైటోకాండ్రియాలను రెండు పొరల తిత్తిలో చుట్టి లైసోసోము అనే జీర్ణసంచికి అప్పగిస్తుంది. అక్కడ అవి జీర్ణమై, తిరిగి ఆ కణానికే ముడిసరుకవుతాయి. ఈ పనిని నడిపే జన్యువులను ఈస్టు కణాల్లో గుర్తించినందుకే జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమానం వచ్చింది. కాబట్టి తినేది కణమే, తినబడేదీ ఆ కణంలోనిదే. ఈ రెండూ మాటలో పలకాలి.

"స్వయం" అనేది అవ్యయం. అది కర్తను చెబుతుంది గానీ కర్మను చెప్పదు. స్వయంపాకం అంటే తన వంట తాను చేసుకోవడమే తప్ప తనను తాను వండుకోవడం కాదు. స్వయంకృషి, స్వయంవరం కూడా ఇదే దారి. ఆ లెక్కన స్వయంభక్షణ అంటే "తానే తినడం" అని మాత్రమే తేలుతుంది, దేన్ని తింటున్నదీ తెలియదు. స్వభక్షణ అంటే ఆ చిక్కు లేదు. అమరకోశం "స్వ" శబ్దానికి జ్ఞాతి, తాను, తనది, ధనం అని నాలుగు అర్థాలిస్తుంది. వీటిలో "తనది" అన్న అర్థం ఇక్కడ ఎంత చక్కగా అతుకుతుందో చూడండి: కణం తనను మొత్తంగా మింగేసుకోవడం లేదు, తనదైన పాతసామానును అరిగించుకుంటున్నది. నా ఓటు స్వభక్షణకే.

ఆత్మభక్షణ వ్యాకరణరీత్యా తప్పు కాదు. ఆత్మస్తుతి, ఆత్మనింద వంటి సమాసమే. కానీ ఆ మాట వినగానే ఆత్మహత్య గుర్తుకొస్తుంది. పాఠ్యపుస్తకాల్లో లైసోసోములకు "స్వయం విచ్ఛిత్తి సంచులు" అన్న పేరు ఉండనే ఉన్నది. దానికి ఇదీ తోడైతే, కణాన్ని బతికించే పనిని పిల్లలు కణం చావుగా అర్థం చేసుకుంటారు. అందుకే ఆ మాట వద్దంటున్నాను.

ఇక మీ మొదటి వాక్యం. "స్వ" ఎప్పుడూ వాక్యంలోని కర్తనే చూపుతుంది. మీ వాక్యంలో తినే కణం ఒకటి, తినబడే కొన మరొక కణానిది. అది స్వభక్షణ ఎట్లా అవుతుంది? నేత్రపటలంలో, అంటే రెటీనాలో, కాంతిని పసిగట్టే దండకణాలు, శంకుకణాలు తమ బయటి ఖండంలో దాదాపు పదో వంతును ప్రతిరోజూ రాల్చుకుంటాయి. ఆ రాలిన కొనలను వాటి వెనుక రంగుపొరగా ఉన్న వర్ణక ఉపకళ కణాలు మింగి జీర్ణం చేస్తాయి. దీన్ని భక్షణ అంటే చాలు; భక్షకకణాలు అన్న మాట మీ విద్యార్థులకు తెలిసిందే. అయితే మీరు పొరపడడానికి కారణం లేకపోలేదు. ఉపకళ కణం స్వభక్షణకు వాడే ప్రోటీన్లలో కొన్నింటిని, ముఖ్యంగా ఎల్‌సీ3ని, ఈ పనికీ అరువు తెచ్చుకుంటుంది. పనిముట్టు ఒకటే అయినంత మాత్రాన పని ఒకటి కాదు. పైగా "వర్ణకణాలు" అంటే రంగులను గుర్తించే శంకుకణాలని చదువరి అనుకోవచ్చు కనుక "వర్ణక ఉపకళ" అని పూర్తిగా రాయండి.

"స్వయంభక్షణ వ్యాధి" అన్న సమాసాన్ని తప్పక మార్చాలి, ఎందుకంటే అది మేలు చేసే పనినే రోగంగా నిలబెడుతున్నది. ఉపకళ కణాలు పెద్దవారిలో సాధారణంగా విభజన చెందవు. జీవితమంతా ఈ పనిభారాన్ని అవే కణాలు మోయాలి. వయసుతో స్వభక్షణ మందగిస్తే జీర్ణం కాని లిపోఫసిన్ అనే వ్యర్థం వాటిలో పేరుకుంటుంది; వృద్ధుల్లో వచ్చే మాక్యులా (రెటీనా నడిమి భాగం) క్షీణతకు ఉన్న కారణాల్లో ఇదొకటని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. గ్లకోమాలోనూ కొన్ని కుటుంబాల్లో కనిపించే ఆప్టిన్యూరిన్ జన్యులోపం స్వభక్షణతో ముడిపడినదే. అలాగని "స్వభక్షణ ఎంత పెరిగితే అంత మంచిది" అని కూడా రాయకండి. వంశపారంపర్యంగా వచ్చే రెటీనా జబ్బు రెటినైటిస్ పిగ్మెంటోసాలో ఒక రకపు జన్యులోపం ఉన్న ఎలుకల్లో అది మితిమీరడమే కణాలకు చేటు చేసింది. "మందగించడం", "మితిమీరడం", "లోపించడం" అన్న క్రియలను వాడితే ఏ రోగంలో ఏం జరిగిందో స్పష్టమవుతుంది.

నేత్రపటలం పాఠంలో ఉండనివ్వండి, కరపత్రంలో మాత్రం రెటీనా అనే రాయండి. "కంటిపొర" అనవద్దు, మన దిక్కు "కంట్లె పొర వచ్చింది" అంటే శుక్లమనే అర్థం, వినేవారు ఆపరేషన్‌తో పోయేదే అనుకుంటారు. శిబిరానికి వచ్చే పెద్దమనుషుల కోసం మీ వాక్యాన్ని ఇట్లా మార్చవచ్చు: "రెటీనా వెనుకనున్న కణాలు రోజూ రాలే పాత ముక్కలను మింగి అరిగించుకుంటాయి, తమలోని చెత్తను కూడా తామే అరిగించుకుంటాయి. వయసు మీదపడ్డకొద్దీ ఈ అరుగుదల తగ్గితే చెత్త పేరుకుపోయి, చూపు నడిమధ్యలో మసక కమ్మే ప్రమాదం పెరుగుతుంది."