గ్రీఫ్ కౌన్సెలర్ కావాలంటే ఎటు నుంచి వెళ్లాలి?

ప్రశ్న: జీఎన్ఎం చదివి పదకొండేళ్లుగా ఐసీయూలో పనిచేస్తున్నాను. పేషెంట్ పోయాక వాళ్లవాళ్ల దగ్గర కూర్చునే పని నాకు చేతనవుతుందని అందరూ అంటున్నారు. గ్రీఫ్ కౌన్సెలర్‌ని కావాలంటే ఏం చదవాలి?
– ఒక నర్సు, వరంగల్

జవాబు: ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన వస్తుందని ఎదురు చూడకండమ్మా. మన ఆస్పత్రుల్లో ఈ పని మెడికల్ సోషల్ వర్కర్, కౌన్సెలర్, పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) నర్సు పోస్టుల్లో కలిసిపోయి ఉంటుంది. వెతికేటప్పుడు ఆ పేర్లతోనే వెతకండి.

చాలామంది నర్సులు మొదటి మెట్టు మీదే తడబడతారు. జీఎన్ఎం డిప్లొమా, డిగ్రీ కాదు. దాంతో నేరుగా పీజీకి దరఖాస్తు పెడితే వెనక్కి వస్తుంది. ముందు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ చేయాలి. ఆ తర్వాత ఎమ్మెస్సీ సైకియాట్రిక్ నర్సింగ్, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), ఎంఏ సైకాలజీల్లో ఒకటి. మమ్మల్ని అడిగితే ఎంఎస్‌డబ్ల్యూలో మెడికల్ అండ్ సైకియాట్రిక్ స్పెషలైజేషన్ అంటాం. ఫీల్డ్‌వర్క్ కోర్సులోనే ఉంటుంది కాబట్టి, పైవాళ్ల పర్యవేక్షణలో మనుషుల ముందు కూర్చునే అవకాశం చదువుతున్నప్పుడే దొరుకుతుంది.

రెండూ కలిపి నాలుగేళ్లు. అందుకని ఉద్యోగం మానేముందు పాలియేటివ్ కేర్ విభాగానికి మారి ఏడాది చూడండి. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ నర్సుల కోసం కూడా సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది. తిరువనంతపురంలోని పాలియం ఇండియా శిక్షణ ఇస్తుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ సేవలున్నాయి. ఐసీయూలో కుటుంబం మీకు కనిపించేది చివరి గంటల్లో. పాలియేటివ్ కేర్‌లో ఆ కుటుంబం నెలల ముందు నుంచే తెలిసి ఉంటుంది. రెండూ ఒకే పని కాదు.

ప్రశ్న: బ్యాంకులో వీఆర్ఎస్ తీసుకోబోతున్నాను. బీకాం. ఆన్‌లైన్‌లో మూడు నెలల గ్రీఫ్ కౌన్సెలింగ్ సర్టిఫికెట్ చేసి, దూరవిద్యలో ఎంఏ సైకాలజీ కట్టి, బోర్డు పెట్టుకోవచ్చా?
– విజయవాడ

జవాబు: ఆ దూరవిద్య దారి మూసుకుపోయింది. 2025 జులై-ఆగస్టు విడత నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపొద్దని యూజీసీ ఆదేశించింది. ఎవరైనా ఇంకా సీటు ఉందంటే ఫీజు కట్టకండి. రెగ్యులర్‌గా చేరాలంటే బీకాం వాళ్లకు అర్హత ఉందో లేదో ఆ విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌లో చూసుకోండి. బోర్డు మీద 'క్లినికల్ సైకాలజిస్ట్' అని రాయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. కౌన్సెలర్లను కూడా 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం తన పరిధిలోకి తెచ్చింది. మూడు నెలల కాగితంతో బోర్డు పెట్టే రోజులు ఎంతోకాలం ఉండవు.

అన్నట్టు, మీ అనుభవం వృథా కాదు. పాలియేటివ్ సంస్థలో వాలంటీరుగా చేరండి. ఇంటాయన పోయిన ఆవిడకు నామినీ క్లెయిమ్ ఫారం నింపిపెట్టగల మనిషి అక్కడ కౌన్సెలర్ కంటే ముందు కావాలి.

ప్రశ్న: ఎంఎస్‌డబ్ల్యూ చివరి సంవత్సరం, క్యాన్సర్ ఆస్పత్రిలో ప్లేస్‌మెంట్. పోయినవాళ్ల కుటుంబాన్ని మొదటిసారి కలిసినప్పుడు శోకంలో ఐదు దశలు (నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం) వివరిస్తే వాళ్లు ముఖం తిప్పుకుంటున్నారు. ఎక్కడ పొరపాటు?
– హైదరాబాద్

జవాబు: ఐదు దశల దగ్గరే. 1969లో మానసిక వైద్యురాలు కూబ్లర్-రాస్ వాటిని రాసింది చావు దగ్గరపడ్డ రోగులను చూసి. వెనక మిగిలినవాళ్లు ఎక్కాల్సిన మెట్లుగా కాదు. పరిశోధకులు స్ట్రోబే, షుట్ 1999లో చెప్పిన మాట మన ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది: మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు పనుల వైపు ఊగుతుంటాడు. పొద్దున ఏడ్చి, మధ్యాహ్నం మరణ ధ్రువపత్రం కోసం మున్సిపల్ ఆఫీసుకు వెళ్లిన మనిషికి బాధ లేదని కాదు.

ఎప్పుడు కలవాలో చూసుకోండి. పెద్దకర్మ దాకా ఇంటినిండా జనం. పదిహేనో రోజుకి చుట్టాలు వెళ్లిపోతారు, వంటింట్లో గిన్నెలు సర్దేసి ఉంటాయి. మీ ఫోన్ అప్పుడు వెళ్లాలి. మాట్లాడేటప్పుడు పోయినాయన్ని పేరు పెట్టి చెప్పండి, 'పేషెంట్' అనకండి. 'ఆరోజు పొద్దున్నుంచి ఏం జరిగిందమ్మా?' అని అడిగి ఆగండి. ఇరవై సెకన్లు మౌనంగా ఉండటం కొత్తలో ప్రాణం మీదికి వస్తుంది, అయినా ఆగండి. 'పుణ్యాత్ముడు, సుఖంగా పోయాడు', 'పిల్లల కోసం నువ్వే ధైర్యంగా ఉండాలి' – పరామర్శకు వచ్చినవాళ్లంతా ఈ రెండూ చెప్పే వెళ్లుంటారు. రెండోది విన్న మనిషి పిల్లల ముందు ఏడవడం మానేస్తుంది. అమ్మకు బాధ లేదనుకుని పిల్లలు తమది దాచుకుంటారు. గాజులు తీయించే తంతు గురించి ఆవిడ కోపంగా మాట్లాడితే సర్దిచెప్పకండి, వినండి.

అమెరికా మానసిక వైద్యుల సంఘం వ్యాధి నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం 2022 కూర్పు ప్రకారం పెద్దవాళ్లలో దీర్ఘకాలిక శోక వ్యాధి అనాలంటే కనీసం 12 నెలలు గడవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11 లెక్కలో 6 నెలలు. మన సంవత్సరీకం మొదటి లెక్కకు దగ్గరగా రావడం యాదృచ్ఛికమే అయినా, ఏడాది తిరిగాక కూడా ఆవిడ గది దాటి రాకపోతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపడానికి అదొక గుర్తు.

ప్రాణం తీసుకునే ఆలోచనకు మాత్రం గడువు చూడకండి. 'నేనూ వెళ్లిపోతే బాగుండు' అంటే, 'చనిపోవాలని ఆలోచిస్తున్నారా, ఎలాగని అనుకున్నారా?' అని సూటిగా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, సూపర్‌వైజర్‌ని అప్పుడే పిలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, ఆ నంబరు కాగితం మీద రాసివ్వండి. ఆ రాత్రి ఆవిడ పక్కన ఎవరు పడుకుంటారో పేరుతో సహా కనుక్కుని, వాళ్లతో ఫోన్‌లో మాట్లాడాకే పంపండి.