స్టార్ ట్రెక్ రీబూట్: మనుషులు దొరికారు, వాళ్ల పనే పోయింది

"2009 నుంచి వచ్చిన కొత్త స్టార్ ట్రెక్ సినిమాలు మూడూ చూశాను, బాగానే ఉన్నాయి. మరి పాత అభిమానులు వాటి పేరెత్తితే ఎందుకంత చిరాకు పడతారు? పాతవి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. బాగానే ఉన్నాయి, నేనూ కాదనను. నా గొడవల్లా ఒకటే. తీసినవాళ్లు ఆ మనుషుల్ని భలే పట్టుకున్నారు గానీ, ఆ మనుషులు చేసే పనిని గాలికొదిలేశారు.

నా సంగతి చెప్పేస్తా. మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున పాత స్టార్ ట్రెక్ సీరియల్ (కెప్టెన్ కిర్క్ బృందం ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడలో కొత్త లోకాలు చూసొచ్చే కథ) వేసేవాళ్లు, మా వీధిలో టీవీ ఉన్న ఇంటికి పిల్లలమంతా చేరేవాళ్లం. ఇంగ్లీషు సగం పైన తేలిపోయేది. ఇంటాయన "ఆ చెవులాయన ఏమంటున్నాడ్రా?" అంటే (మొనదేలిన చెవుల స్పాక్, కోపతాపాలు అణుచుకుని లాజిక్‌తోనే నడిచేవాడు), మాలో ఇంగ్లీష్ మీడియం వాడొకడు నోటికొచ్చింది చెప్పేవాడు, మేం నమ్మేసేవాళ్లం. అది బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఎర్ర చొక్కా వేసుకుని ఓడలోంచి ఏదైనా గ్రహం మీదికి దిగినవాడు తిరిగి రాడనే జోకు ప్రపంచమంతా తెలుసట, మాకు మాత్రం అన్ని చొక్కాలూ బూడిద రంగే కాబట్టి ఎవడు పోతాడో చివరిదాకా టెన్షనే. 2009 సినిమాలో కిర్క్, సులు, ఇంకొకతను పైనుంచి దూకుతారు చూడండి, ఒకరిది నీలం సూటు, ఒకరిది పసుపు, మూడోవాడిది ఎరుపు. ఎర్ర సూటు వాడు ఏమయ్యాడో మీరు చూశారుగా. అది మాలాంటివాళ్ల కోసం పెట్టిందే. నేను సోఫాలోంచి లేచి చప్పట్లు కొట్టాను, మా ఆవిడ నావైపు అదోలా చూసింది.

అంటే దర్శకుడు జె.జె. ఏబ్రమ్స్‌కి పాతదంటే లెక్కలేదని చెప్పలేం. తనకి స్టార్ వార్స్ అంటేనే ఎక్కువ ఇష్టమని ఆయనే చెప్పుకున్నాడు, 2015లో వెళ్లి అది కూడా తీశాడు, అయినా ఇక్కడ ఒక తెలివైన పని చేశాడు. పాత కథని కొట్టిపారేయలేదు. ముసలి స్పాక్, నీరో అనే రోములన్ (ఇంకో గ్రహం జాతివాడు, ఈ సినిమాలో విలన్) ఇద్దరూ పాత కథలోంచే కాలంలో వెనక్కి వచ్చిపడతారు, నీరో వచ్చీ రాగానే కిర్క్ తండ్రి ఉన్న ఓడని నాశనం చేస్తాడు, అక్కణ్నుంచి చరిత్ర ఇంకో దారి పడుతుంది. కాబట్టి మనం చూసిన 79 ఎపిసోడ్లూ ఎక్కడికీ పోలేదు, అవి వాటి కాలంలో అలాగే ఉన్నాయి. రీబూట్ పేరుతో పాతదంతా తుడిచేసేవాళ్లతో పోలిస్తే ఇది పెద్ద మర్యాదే.

నటుల సంగతికొస్తే, లియొనార్డ్ నిమోయ్ తప్ప స్పాక్ వేషం ఇంకొకడు వేయడమంటే మన ఊళ్లో ఎన్టీఆర్‌ని పక్కన పెట్టి ఇంకొకరికి కృష్ణుడి కిరీటం పెట్టడమే. తిట్టుకోవడానికి సిద్ధపడే కూర్చున్నా. జాకరీ క్వింటో ఆ అవకాశం ఇవ్వలేదు, పైగా నిమోయ్‌నే ముసలి స్పాక్‌గా ఎదురుగా నిలబెట్టారు. అందరికంటే డాక్టర్ మెకాయ్‌గా కార్ల్ అర్బన్. కిర్క్‌ని ఎలాగైనా ఓడెక్కించాలని అతనికి లేని రోగం అంటించడం, అది వికటించి కిర్క్ చేతులు బూరెల్లా ఉబ్బడం, ఈయన సణుక్కుంటూ వెనకాల పరిగెత్తి మెడ మీద ఇంకో సూది గుచ్చడం... సణుగుడు మొత్తం పాత మెకాయ్‌దే. ఆ సీను ఎప్పుడు చూసినా నవ్వొస్తుంది.

కానీ క్లైమాక్స్ చూడండి. నీరో ఓడ మునిగిపోతోంది. కిర్క్ సాయం చేస్తానంటాడు, జాలి చూపిస్తే రోములన్లతో శాంతి కుదరొచ్చు, ఇది లాజిక్కే కదా అంటాడు. స్పాకేమో ఈసారికి అది వద్దంటాడు! నీరో నీ సాయం నాకక్కర్లేదు అనగానే కిర్క్ ఉన్న ఆయుధాలన్నీ వాడి మీద కుమ్మరిస్తాడు. హాల్లో అయితే ఈల పడుతుంది. నీరో వల్ల తల్లిని, పుట్టిన గ్రహాన్ని పోగొట్టుకున్న స్పాక్‌కి ఆ కోపం ఉండదా అంటారు, ఉంటుంది. ఆ కోపంతో పోట్లాడి గెలవడమే కదా స్పాక్ అంటే?

పాతదాంట్లో 1967లో వచ్చిన 'ది డెవిల్ ఇన్ ది డార్క్' అని ఒక ఎపిసోడ్ ఉంది. ఒక గ్రహం మీద గనుల్లో ఏదో జీవి కార్మికుల్ని చంపేస్తుంటుంది, చంపిపెట్టమని మనవాళ్లని పిలుస్తారు. గని అధికారి బల్ల మీద గుండ్రటి రాయి ఒకటి ఉంటుంది, అలాంటివి కింద వేలల్లో ఉన్నాయి, పనికిరావు అని తేలిగ్గా చెప్తాడు. స్పాక్ ఆ రాయిని చేతిలో తిప్పి తిప్పి చూస్తుంటాడు. తీరా అవి గుడ్లు, ఆ జీవి వాటి తల్లి, వీళ్లు తవ్వుకుంటూ పోతూ పిల్లల్ని పగలగొట్టేస్తున్నారు. అక్కణ్నుంచి చంపడం మాట పోయి, గాయపడిన ఆ తల్లికి మెకాయ్ సిమెంటు లాంటి పదార్థంతో కట్టు కడతాడు. తివాచీ చుట్టుకుని ఒక మనిషి పాకుతున్నట్టే ఉంటుంది ఆ జీవి, డబ్బుల్లేని సీరియల్ మరి. కానీ ఎంటర్‌ప్రైజ్ సిబ్బంది ఉద్యోగం అది. తెలియనిదాని దగ్గరికి వెళ్లి, అది ఏమిటో కనుక్కుని రావడం. కొత్త సినిమాల్లో మొదటి రెండింటిలో ఆ ఉద్యోగం ఎవరూ చేయరు, అందరూ పగ తీర్చుకునే పనిలోనే బిజీ. సస్పెన్షన్‌లో ఉన్న కుర్రాడు సినిమా అయ్యేసరికి కెప్టెన్ అయిపోతాడు, అదీ పెద్ద విషయం కాదనుకుందాం (సీనియారిటీ లిస్టులో ఉన్నవాళ్ల ఉసురు ఊరికే పోదు గానీ).

ఇక 2013 సినిమా. నాకు నిజంగా మండింది దీని దగ్గరే. ఇందులో విలన్ ఖాన్, పాత కథలోంచి తెచ్చుకున్నవాడే, పూర్తి పేరు ఖాన్ నూనియన్ సింగ్. 1967 నాటి 'స్పేస్ సీడ్' ఎపిసోడ్‌లో అతన్ని మొదటిసారి చూడగానే ఓడలోని చరిత్రకారిణి, ఉత్తర భారతం వాడు, బహుశా సిక్కు అయ్యుంటాడు అంటుంది. వేసింది మెక్సికో నటుడు రికార్డో మాంటల్బాన్, అదీ సరైంది కాదు, సరే, అరవైల నాటి హాలీవుడ్ అని వదిలేశాం. 2013లో ఏమడ్డొచ్చింది? బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ మంచి నటుడే, కానీ పాలిపోయిన తెల్లాయన అద్దాల గదిలో నిలబడి "నా పేరు ఖాన్" అంటుంటే, ఇక్కడే మల్టీప్లెక్స్‌లో నా పక్కన కూర్చున్న మేనల్లుడు "అదేంటి మావయ్యా, ఈయన ఖానేంటి?" అన్నాడు. వాడికి పాతది ఏమీ తెలియదు, అయినా తట్టింది. ఆ పైన పాత బృందంతో 1982లో వచ్చిన 'ది రాత్ ఆఫ్ ఖాన్' సినిమాలో స్పాక్ చనిపోయే సీనుని తిరగేసి, ఇక్కడ కిర్క్‌ని చంపి, ఖాన్ రక్తం ఎక్కించి లేపేశారు. అక్కడ అద్దానికి అటూ ఇటూ ఉన్న కిర్క్, స్పాక్‌లది ఏళ్ల స్నేహం, వీళ్లు నిన్నగాక మొన్న కలిసి కొట్టుకున్నవాళ్లు. ఏడుపెలా వస్తుంది?

మూడోది, 2016లో జస్టిన్ లిన్ తీసిన 'బియాండ్', తక్కువమంది పట్టించుకున్నారు, నాకు మాత్రం మూడింట్లో అదే ఇష్టం. అందులో విలన్ ఒకప్పటి సైనికుడు. యుద్ధాలు అయిపోయాక అతన్ని ఓడకి కెప్టెన్ చేసి కొత్త లోకాలు చూసి రమ్మని పంపితే, యుద్ధం లేని బతుకు వాడికి అర్థం కాలేదు. చూశారా, నేను ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నది వాళ్లకీ తెలుసు, స్క్రిప్టు రాసినవాళ్లలో స్కాటీ వేషం వేసిన సైమన్ పెగ్ కూడా ఒకడు. నిమోయ్ 2015లో పోయారు కాబట్టి, ఇందులో ముసలి స్పాక్ సామాన్లలో పాత బృందం ఫోటో ఒకటి కుర్ర స్పాక్‌కి దొరుకుతుంది. ఏమీ మాట్లాడడు, చూస్తాడంతే. ఆ తర్వాత ఈ బృందంతో నాలుగో సినిమా అదిగో ఇదిగో అన్నారు, రాలేదు.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలంటారా, 'ది డెవిల్ ఇన్ ది డార్క్' చూడండి, ఒక గంట కూడా పట్టదు. నచ్చితే 'స్పేస్ సీడ్', ఆ వెంటనే 1982 సినిమా, ఈ రెండూ ఒకే కథ కాబట్టి మధ్యలో గ్యాప్ ఇవ్వకండి. ఫైటింగులు లేవేంటి, అందరూ బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారేంటి అని అనిపిస్తుంది, మా మేనల్లుడూ అదే అన్నాడు, రెండో ఎపిసోడ్‌కి వాడే ఫోన్ పక్కన పెట్టాడు. 1979లో వచ్చిన మొదటి సినిమా మాత్రం రాత్రి భోంచేశాక పెట్టుకోకండి, ఓడని బయటి నుంచి చూపించడం అయ్యేలోపే మీకు కునుకు పడుతుంది.