మాటా మర్యాదా: కౌంటర్ దగ్గర ‘నువ్వు’, వాట్సాప్‌లో పిలుపు

ప్రశ్న: మాది విజయవాడ. ఈ మధ్యే ఆమదాలవలస దగ్గర ఒక బ్యాంకు శాఖలో క్లర్కుగా చేరాను. పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు “ఏటి బాబూ, నువ్వు కొత్తా?” అంటూ ఏకవచనంలో మాట్లాడతారు. నేను మాత్రం అందర్నీ ‘అండి’ అనే అంటాను. కౌంటర్లో కూర్చున్నవాడికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలని వీళ్లకి తెలియదా?
– ఒక పాఠకుడు

జవాబు: తెలుసు బాబూ. (చూశావా, నేనూ అనేశాను. రాజాం, చీపురుపల్లి బడుల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, నోటికి అదే వస్తుంది.) మా వైపు పల్లెల్లో కన్నతల్లిని నువ్వంటారు, మేనమామని నువ్వంటారు, పైడితల్లమ్మ గుడి ముందు నిలబడి “నువ్వే చూడాల తల్లీ” అని మొక్కుకుంటారు. నిన్నూ ఆ వరసలోనే వేసుకున్నారు. దీనికి చిన్నబుచ్చుకోవడం ఎందుకు? పక్కన ‘బాబూ’ ఉందా లేదా, అది చూసుకో. అది లేకుండా గొంతు పెంచి “ఏటి, ఎంతసేపు?” అన్నారంటే ఆ సంగతి వేరు, అప్పుడు నువ్వూ కాస్త గట్టిగానే ఉండొచ్చు.

మొన్న బ్యాంకు లైన్లో నా ముందు ఒక ముసలావిడ నిలబడింది. పాసుబుక్కు పాల ప్యాకెట్ కవర్లో చుట్టి చంకన పెట్టుకొచ్చింది. “కూకోమంటావా బాబూ, సంత సూసుకొని రమ్మంటావా?” అంది. నీ పని తెమిలేదాకా ఆగుతాను, తొందరపెట్టను అని ఆ ఒక్క మాటలో చెప్పేసింది. కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా “సర్వర్ లేదండి, రేపు రండి” అన్నాడు. అండీలకేం లోటు లేదు. ఆవిడ ఏ ఊరి నుంచి వచ్చిందో, రేపు మళ్లీ ఆటోకి ఎంతవుతుందో అడగలేదు. ఎవరి మాట మర్యాదగా ఉందో నువ్వే చెప్పు.

అందర్నీ ‘అండి’ అంటానని రాశావు. టీ పట్టుకొచ్చే అతన్ని, నీ టేబుల్ తుడిచే ఆమెనీ కూడానా? మేనేజరు ఎదురుగా ఉంటే ‘సార్’, ఆయన గది తలుపు పడగానే ‘వాడు’. ఆఫీసుల్లో ఇది రోజూ వినేదే. దానికన్నా ముందూ వెనకా ఒకేలా వినిపించే ఈ ‘నువ్వు’ నాకు నయమనిపిస్తుంది.

ఇక ‘ఏటి’. సినిమాలు దాన్ని నవ్వులాటకి వాడి వాడి, అది మోటుమాటని మనవాళ్లే నమ్మేశారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది ఇక్కడే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఉపన్యాసాలు దంచి, మర్నాడు ‘ఏటి’ అన్న పిల్లాణ్ణి బెంచీ ఎక్కించిన మాస్టార్లని చూశాను. నువ్వు ఆ మాట నేర్చుకోనక్కర్లేదులే. “కూర్చో అమ్మా, పది నిమిషాలు పడుతుంది” అను, చాలు. ఎండాకాలానికి తాటిముంజెలు నీ టేబుల్ మీదకొస్తాయి. అప్పుడు వద్దనకు.

ప్రశ్న: మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి కార్డు వాట్సాప్‌లో పెట్టాం. మా పెదమావగారి ఇంటి నుంచి ఎవరూ రాలేదు. ఉన్న ఊళ్లోనే ఉండి బొట్టు పెట్టి పిలవలేదని ఇప్పటికీ అంటున్నారట. ఈ రోజుల్లో కూడా ఇదేం పట్టింపు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి వాట్సాప్ సరిపోతుంది, అదీ ఫోన్ చేసి చెప్పాక. మూడు లాంతర్ల దగ్గర ఉండి గంటస్తంభం దాకా వెళ్లలేదంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. కార్డు నాలుగు మూలలా పసుపు రాసి, ఇద్దరూ కలిసి వెళ్లి, ఇంటి పెద్దావిడకి బొట్టు పెట్టి చేతికివ్వాలి. అరగంట పని. గ్రూపులో పెట్టిన కార్డు కింద నలభై దండాలు వస్తాయి కానీ, అది తనకోసం పెట్టిన కార్డని ఎవరూ అనుకోరు.

అయితే ఒక అనుమానం. పిలుపు వంకే కానీ కోపం ఇంకెక్కడైనా ఉందేమో ఆలోచించండి, ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం కదా, ఊరంతా చుట్టాలతో నిండి ఉంటుంది. ముందు రోజే పళ్లు పట్టుకెళ్లి, “రేపు భోజనం మా ఇంట్లోనే” అని పిలిచి రండి. ఫంక్షన్ ఊసెత్తకండి. వాళ్లు ఎత్తితే తల ఊపి వినండి, వాట్సాప్‌ని వెనకేసుకు రాకండి.

ప్రశ్న: కాలేజీకి రోజూ బొబ్బిలి నుంచి విజయనగరం రైల్లో వెళ్తాను. పక్కన కూర్చున్నవాళ్లు ఊరడిగి, చదువడిగి, చివరికి “మీరేమిట్లు?” దాకా వస్తారు. పెద్దవాళ్లని కసురుకోలేను. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: ఊరు, చదువు అడగడం పలకరింపే, చెప్పు. కులం దగ్గరికి రాగానే వీణ ఎత్తుకో. “మాది బొబ్బిలండి, గొల్లపల్లిలో వీణలు చేస్తారు, చూశారా?” అని మొదలుపెట్టు. ఒకే పనస దుంగని తొలిచి ఏకాండీగా ఎలా చేస్తారో, ఆ పనస చెక్కే ఎందుకు కావాలో నెమ్మదిగా చెప్పుకుంటూ పో. ఈలోగా విజయనగరం వచ్చేస్తుంది. రాకపోతే, “మరి మీకెంతమంది పిల్లలండీ?” అని అడుగు. ఆ మాటతో గంట గడుస్తుంది.