టెక్ సందేహాలు: రెండు రెసిస్టర్ల వాటేజీలను కూడవచ్చా?

ప్రశ్న: మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన రేకు పెట్టెలో ఒక మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ లాంటి చిప్) బోర్డు అమర్చాను. కరెంటు ఉందో లేదో దానికి తెలియడానికి, పాత ల్యాప్‌టాప్ ఛార్జరు నుంచి వచ్చే 19 వోల్టులను 470 ఓమ్‌ల అర వాట్ రెసిస్టరు (కరెంటును అడ్డుకునే భాగం), 100 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టరు సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి 3.3 వోల్టుల దగ్గరికి తగ్గించాను. రెండూ కలిసి ముప్పావు వాట్ భరిస్తాయి కనుక, దానిని మొత్తం 570 ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీసి, 20.7 వోల్టుల వరకు ఇబ్బంది లేదని లెక్క వేశాను. పది రోజులకే పెద్ద రెసిస్టరు నల్లబడింది. చిన్నది బాగానే ఉంది. కారణమేమిటి?
– పాలిటెక్నిక్ విద్యార్థి, తిరుపతి

జవాబు: మీ గుణకారంలో గానీ వర్గమూలంలో గానీ తప్పు లేదు. రెండు వాటేజీలను (ఒక్కో రెసిస్టరు వేడిగా భరించగల వాట్ల హద్దులను) కూడడమే తప్పు. సిరీస్‌లో ఉన్న రెసిస్టర్లన్నింటిలోనూ ఒకే కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి, వేడి వాటి వాటేజీని బట్టి కాక ఓమ్‌లను బట్టి పంపిణీ అవుతుంది. 470 ఓమ్‌ల రెసిస్టరు మీద 100 ఓమ్‌లదాని కంటే 4.7 రెట్ల భారం పడుతుంది, కానీ దాని సామర్థ్యం రెండింతలు మాత్రమే.

అందువల్ల ముందుగా ఒక్కొక్క రెసిస్టరు ఎంత కరెంటు భరించగలదో విడిగా చూడాలి. వాటేజీని ఓమ్‌లతో భాగించి వర్గమూలం తీస్తే ఆ హద్దు తెలుస్తుంది. 100 ఓమ్‌లదానికి అది 50 మిల్లీ ఆంపియర్లు, 470 ఓమ్‌లదానికి 32.6 మాత్రమే. వీటిలో తక్కువదే మొత్తం సర్క్యూట్‌కు హద్దు. దానిని మొత్తం 570 ఓమ్‌లతో గుణిస్తే 18.6 వోల్టులు వస్తుంది. మీ 19 వోల్టుల దగ్గర పెద్ద రెసిస్టరులో 0.52 వాట్లు, చిన్నదానిలో 0.11 వాట్లు ఖర్చవుతున్నాయి. (ఇవే రెండింటిని సమాంతరంగా కలిపి ఉంటే వోల్టేజీ సమానమవుతుంది కనుక, 5 వోల్టులు దాటగానే ముందుగా ప్రమాదంలో పడేది 100 ఓమ్‌లదే.)

హద్దు దాటింది కొంచెమే కదా అనిపించవచ్చు. అయితే రెసిస్టరు వాటేజీ చుట్టూ ఉన్న గాలి వేడిని బట్టి తగ్గిపోతుంది. సాధారణ ఫిల్మ్ రెసిస్టర్లకు పూర్తి వాటేజీ 70 డిగ్రీల సెల్సియస్ వరకే వర్తిస్తుంది. అక్కడి నుంచి తగ్గుతూ 155 డిగ్రీల దగ్గర సున్నా అవుతుంది. మే నెలలో తిరుపతి ఎండ నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. అటువంటి ఎండలో మూసి ఉన్న రేకు పెట్టె లోపల, రెసిస్టరు పుట్టించే వేడి కూడా చేరి, గాలి 80 డిగ్రీలకు చేరితే మీ అర వాట్ 0.44 వాట్లకు దిగుతుంది. కనుకనే లెక్కలో వచ్చిన వాటేజీకి కనీసం రెట్టింపు ఉన్న రెసిస్టరును వాడమని నేను గట్టిగా చెబుతాను.

ఆ లెక్కన 470 ఓమ్‌ల స్థానంలో ఒక వాట్‌కు మించినది పెట్టవచ్చు గానీ, మీ పనికి అంత కరెంటే అనవసరం. బోర్డుకు సంకేతం మాత్రమే కావాలి కనుక రెండు విలువలనూ పదింతలు చేయండి. 4.7 కిలో ఓమ్‌లు, 1 కిలో ఓమ్ కలిపితే వోల్టేజీ అదే 3.3 దగ్గర ఉంటుంది, కరెంటు 3.3 మిల్లీ ఆంపియర్లకు పడిపోతుంది, పెద్ద రెసిస్టరులో వేడి 0.05 వాట్లే అవుతుంది. పావు వాట్ రెసిస్టర్లే సరిపోతాయి. బోర్డు నడవడానికి కావలసిన విద్యుత్తును మాత్రం ఈ రెసిస్టర్ల నుంచి తీసుకోకండి, బోర్డు కరెంటు మారినప్పుడల్లా వోల్టేజీ మారిపోతుంది. దానికి బక్ కన్వర్టరు (ఎక్కువ వోల్టేజీని స్థిరమైన తక్కువ వోల్టేజీగా మార్చే సర్క్యూట్) విడిగా అమర్చండి.