ఐరోపా టోర్నడోల గురించి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. పాఠకుణ్ని భయపెట్టగలిగావు గాని, ఆ గాలి అలా ఎందుకు తిరిగిందో ఎక్కడా చెప్పలేదు. శాస్త్ర విషయం రాసేవాడికి ఆ ‘ఎందుకు’ అన్నదే ప్రాణం.

మన పాఠకుడికి తుఫాను బాగా తెలుసు. సముద్రం మీద పుట్టి వందల కిలోమీటర్లు వ్యాపించి రోజుల తరబడి సాగే తుఫానును, ఒక్క ఉరుముల మేఘం కింద పుట్టి తరచు నిమిషాల్లో ముగిసిపోయే టోర్నడోను అతను ఒకటే అనుకోవచ్చు కనుక, మొదటి పేరాలోనే ఆ రెంటినీ వేరు చెయ్యి. తర్వాత పుట్టుక చెప్పు. నేల దగ్గర వెచ్చని తేమగాలి, పైన చల్లగాలి ఉంటే మేఘం నిలువునా ఎదుగుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి వేగమూ దిశా బాగా మారుతున్న రోజున, ఆ తేడా వల్ల గాలి అడ్డంగా దొర్లుతుంది. పైకి ఎగసే గాలి ఆ దొర్లుడును నిలువుకు తిప్పి తనలో కలుపుకోగా మేఘమే తిరగసాగుతుంది. దానినే సూపర్‌సెల్ అంటారు. అయితే ప్రతి సూపర్‌సెల్లూ టోర్నడోను కనదు. నేలకు దగ్గరలోని సుడి కూడా పైకి సాగి, సన్నబడి, వేగం పుంజుకోవాలి. మధ్యధరా, బాల్టిక్ సముద్రాల మీద వేసవి చివర, ఆ తర్వాతి నెలల్లో కనిపించే నీటి సుడులకు చాలాసార్లు సూపర్‌సెల్ అక్కరలేదు. వెచ్చని నీటి మీదికి చల్లగాలి వచ్చినప్పుడు, రెండు గాలులు కలిసే చోట పుట్టిన చిన్న సుడిని పైన ఎదుగుతున్న మేఘం సాగదీస్తుంది.

మేఘం నుంచి కిందికి దిగే గరాటే టోర్నడో అన్నట్టు రాశావు; దాన్ని తప్పక దిద్దు. సుడి లోపల ఒత్తిడి పడిపోయి, గాలి చల్లబడి, తేమ తుంపరలుగా మారడం వల్ల కనబడే మేఘం అది. గాలి పొడిగా ఉంటే గరాటు సగంలోనే ఆగినట్టు ఉంటుంది, కింద మాత్రం దుమ్ము గిరగిర తిరుగుతూ లేస్తుంది. అంటే సుడి అప్పటికే నేలను తాకిందన్నమాట. వాన తెర చాటున పడితే అసలేమీ కనబడకపోవచ్చు.

2021 జూన్ 24 సాయంత్రం చెక్ దేశపు దక్షిణ మొరావియాలో హ్రుష్కి నుంచి హొడొనిన్ దాకా ఊళ్లను ఛిద్రం చేసిన టోర్నడో గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. ఆరుగురిని బలిగొన్న ఆ ఘటన దగ్గర ఆగు. పెంకులు ఎగిరిపోయాయా, వాసాలతో సహా కప్పు లేచిపోయిందా, ఇటుక గోడలే కూలాయా అన్నది చూసి నిపుణులు తీవ్రతను లెక్కగడతారు. గాలి వేగాన్ని అక్కడ కొలిచే సాధనం సాధారణంగా ఉండదు. మొరావియా టోర్నడోకు అలా, సున్నా నుంచి ఐదు దాకా ఉండే ఫుజిటా కొలమానంలో, నాలుగో స్థాయి ఇచ్చారు. పడిపోయిన చెట్లూ సాక్ష్యం చెబుతాయి: టోర్నడో దారిలో అవి నడిమి గీత వైపు వాలి ఒకదాని మీదొకటి అడ్డదిడ్డంగా పడతాయి, మేఘం నుంచి ఒక్కసారిగా కిందికి దూకిన గాలికైతే విసనకర్రలా బయటికి పరుచుకుంటాయి. 2024లో ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు కూలినప్పుడు మనవాళ్లు అడిగిన ప్రశ్నా ఇదే: అది టోర్నడోనా, కిందికి దూకిన గాలా అని.

‘ఐరోపాలో ఎన్నడూ లేని వింత’ అన్న మాట కొట్టెయ్యి. జర్మనీలో 1764లో వోల్డెక్ దగ్గర వచ్చిన టోర్నడోను గెంట్స్‌మర్ వివరంగా నమోదు చేశాడు. ఖండాల చలనాన్ని ప్రతిపాదించిన వెగెనర్ 1917లోనే ఐరోపా సుడిగాలులపై పుస్తకం వెలువరించాడు. 1845లో ఫ్రాన్స్‌లోని మోంవిల్‌లో నూలు మిల్లులు కూలి ఎందరో కార్మికులు చనిపోయారు. ఈనాడు చేతిచేతికీ కెమెరా ఉంది, సమాచారాన్ని క్రమంగా సేకరించే సంస్థలున్నాయి. అందువల్ల నమోదయ్యే సంఖ్య పెరుగుతుంది. ఆ పెరుగుదల చూపి టోర్నడోలే పెరిగాయని రాయకు.

మొరావియా పేరా తిరగరాసి ముందు అదొక్కటే పంపు. ఆ ఊళ్ల ఇళ్ల కట్టుబడి ఎలాంటిదో కనుక్కొని అందులో చేర్చు.